పల్లి చెక్కలో బూజు విషం, దాన్ని తినే ఫంగస్: వనపర్తి వైపు ఒక కేసు

వనపర్తి జిల్లాలో ఒక రైతు సంఘానికి సొంత గానుగ ఉంది. యాసంగి పల్లీలు కొంటారు, నూనె పడతారు, మిగిలిన చెక్కను సభ్యులకే బర్రెల దాణాగా అమ్ముతారు. వానాకాలం మధ్యలో వాళ్ల పాలు కొనే ప్రైవేటు డెయిరీ నుంచి కబురొచ్చింది: మీ కేంద్రం పాలలో అఫ్లాటాక్సిన్ ఎం1 అనే బూజు విషం పరిమితి దాటింది, సంగతి తేలేదాకా పాలు తీసుకోం. పాల డబ్బు ఆగితే ఇల్లు నడవని కుటుంబాలు చాలా ఉన్నాయి, ఊరంతా టెన్షన్. నిల్వ, నాణ్యత చూసే పని నాది కాబట్టి ఆ విషం ఎక్కడి నుంచి వస్తోందో చూడమని పిలిచారు.

నేను వెళ్లేసరికి రెండో ప్రశ్న కూడా సిద్ధంగా ఉంది. ఒక అమ్మకందారు వచ్చి ‘మేలు చేసే ఫంగస్’ పొడి చూపించాడట. చెక్కను ఉడికించి, ఈ పొడి కలిపి పులియబెడితే విషం సగానికి పైగా విరిగిపోతుందన్నాడు. ల్యాబ్ రిపోర్టు కూడా ఇచ్చి వెళ్లాడు. సంఘం కార్యదర్శి కుర్రాడు నన్ను సూటిగానే అడిగాడు: “సార్, ఇంత చెక్క పారబోస్తే మునుగుతం. ఫంగస్ తింటదంటున్రు గదా, తిననియ్యరాదు?”

ముందు పాల సంగతి. పల్లీల మీద, మక్కల మీద పెరిగే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే పసుపుపచ్చ బూజు అఫ్లాటాక్సిన్ తయారుచేస్తుంది. అందులో బీ1 అనే రకం అన్నిటికంటే చెడ్డది, మనుషుల్లో కాలేయ క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థం. బర్రె దాన్ని తింటే కొంత భాగం ఎం1గా మారి పాలలోకి దిగుతుంది. మామూలుగా ఒకటి రెండు శాతం, బాగా పాలిచ్చే పశువుల్లో ఆరు శాతం దాకా. లెక్క సులువుగా ఉండటానికి చెక్కలో కిలోకు 200 మైక్రోగ్రాముల బీ1 ఉందనుకుందాం. రోజుకు రెండు కిలోలు పెడితే 400 మైక్రోగ్రాములు. అందులో ఒక శాతమే పాలలోకి వచ్చినా 4 మైక్రోగ్రాములు. ఆరు లీటర్లిచ్చే బర్రె అయితే లీటరుకు 0.67 మైక్రోగ్రాములు వస్తుంది. మన ఆహార భద్రతా సంస్థ పాలకు పెట్టిన పరిమితి 0.5. ఐఎస్ఐ ప్రమాణం ప్రకారం పశుదాణాలో బీ1 కిలోకు 20 మైక్రోగ్రాములు దాటకూడదు, అంటే 20 పీపీబీ. ఆ హద్దులో ఉంటే సాధారణంగా పాలు హద్దు దాటవు.

ఇది ఈ ఒక్క ఊరి గొడవ కూడా కాదు. 2019లో ఆహార భద్రతా సంస్థ బయటపెట్టిన దేశవ్యాప్త పాల సర్వేలో 6,432 నమూనాలు తీస్తే 368 నమూనాల్లో, అంటే 5.7 శాతంలో, ఎం1 పరిమితికి మించి ఉంది. అప్పట్లో జనం యూరియా, డిటర్జెంట్ కల్తీ గురించే మాట్లాడుకున్నారు. దాణా మాట పెద్దగా ఎవరూ ఎత్తలేదు.

ఊళ్లో ఇంటింటి దాణా రాసుకుంటే విషయం తొందరగానే తేలింది. పచ్చిమేత, తౌడు పెట్టేవాళ్ల పాలు బాగున్నాయి. సంఘం చెక్క కుడితిలో కలిపేవాళ్ల పాలే చెడ్డవి. చెక్క ఆపించాం. ఎం1కి ఉన్న ఒక మంచి గుణం ఏమిటంటే, మేత మారిస్తే రోజుల్లోనే పాలు శుభ్రపడతాయి. అలాగే అయింది, డెయిరీ మళ్లీ క్యాన్లు ఎత్తింది. మిగిలింది గోదాంలో ఉన్న చెక్క.

గోదాం రేకుల షెడ్డు. గోనె సంచులను గోడకు ఆనించి, నేల మీదే పేర్చారు. కింద కర్ర పట్టీలు లేవు. గోడ వైపు సంచి కుట్టు విప్పితే చెక్క పలకలు ఒకదానికొకటి అతుక్కుని గడ్డ కట్టి ఉన్నాయి. విరిచి చూస్తే పగులులో పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి, ముక్కుకు మాగుడు వాసన. అదే సంచి నడిమి భాగం చూస్తే ఏ మచ్చా లేదు. ఎవరో ఆన్‌లైన్‌లో కొన్న అతినీల టార్చ్ తెచ్చి, తలుపులేసి, చెక్క మీద వేసి “నీలంగ మెరుస్తుంది సార్, అదే విషం” అన్నారు. బీ1 ఆ కాంతిలో నీలంగా మెరిసే మాట నిజమే. కానీ అదే టార్చ్ కింద కార్యదర్శి తెల్ల చొక్కా ఇంకా బాగా మెరిసింది, సబ్బు పొడిలోని తెలుపు మందు వల్ల. టార్చ్‌తో అనుమానపడొచ్చు, తీర్పు చెప్పకూడదు. చాలా సంచుల నుంచి కొంచెం కొంచెం తీసి, అంతా కలిపి పొడి కొట్టి, అందులోంచి నమూనా హైదరాబాద్ ల్యాబ్‌కు పంపాం. విషం అంతటా సమంగా ఉండదు. వేల గింజల్లో నాలుగైదు గింజలే మొత్తం లాట్‌ను చెడగొట్టగలవు, అందుకే గుప్పెడు తీసి పంపితే వచ్చే అంకెకు విలువ లేదు. ఫలితం 20కి చాలా రెట్లు పైన వచ్చింది.

ఇంత ఎక్కువ ఎందుకుందో తెలియాలంటే పల్లీ కొనుగోలు చూడాలి. మార్కెట్లో గ్రేడింగ్ చేసేటప్పుడు ముడతవి, రంగు మారినవి, పగిలినవి, మొలకెత్తినవి పక్కకు ఏరేస్తారు. మంచి గింజ తిండికి పోతుంది, ఏరేసిన గింజ తక్కువ ధరకు నూనెకు పోతుంది. విషం ఎక్కువగా ఉండేది ఆ ఏరేసిన గింజల్లోనే. నూనె తీశాక గింజ బరువు సగం దాకా తగ్గిపోతుంది. విషం నూనెలోకి పెద్దగా పోదు, చెక్కలోనే ఉండిపోతుంది. అంటే గింజలో ఉన్న పీపీబీ చెక్కలో దాదాపు రెట్టింపు. దాని మీద వానాకాలం నిల్వ. సంఘం అధ్యక్షురాలు “మరి నూనె సంగతేంది?” అని వెంటనే అడిగింది, సరైన ప్రశ్న. గానుగ నూనెను రిఫైన్ చేయరు కాబట్టి సన్నటి నలుసులతో పాటు కొంత విషం నూనెలోనూ ఉండొచ్చు. ఏరేసిన గింజతో పట్టిన ఆ బ్యాచ్ నూనె అమ్మకం ఆపించాను. వేయిస్తేనో కాగబెడితేనో పోదా అని అడిగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వేయించడం వల్ల కొంత తగ్గుతుంది, పోదు. బీ1 250 డిగ్రీల దాకా వేడిని తట్టుకుంటుంది. వంటింట్లో అంత వేడికి ముందే పల్లీ బొగ్గవుతుంది.

ఇక ఫంగస్. అమ్మకందారు చెప్పిన మాటకు శాస్త్రంలో ఆధారం లేకపోలేదు. ఇండోనేషియాలో, ముఖ్యంగా పశ్చిమ జావాలో, పల్లి చెక్కనే న్యూరోస్పోరా అనే నారింజరంగు బూజుతో పులియబెట్టి ‘ఓంచోమ్’ అని తింటారు. ఆ బూజు, టెంపే (అక్కడే సోయాను పులియబెట్టి చేసే తిండి) తయారీలో వాడే రైజోపస్ అనే బూజు అఫ్లాటాక్సిన్‌ను తగ్గిస్తాయని 1960ల నుంచే పరిశోధనలు వచ్చాయి. ముత్యపు చిప్ప పుట్టగొడుగు కర్రను కరిగించడానికి లాకేస్, మాంగనీస్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములు విడుదల చేస్తుంది. కర్రలోని గట్టి లిగ్నిన్‌నే విరిచే ఎంజైములు కాబట్టి బీ1 అణువునూ విరుస్తాయి, ఇది ల్యాబుల్లో మళ్లీ మళ్లీ కనబడింది. వేరే బూజు విషాల మీద ఇంకా తేటగా పనిచేసేవి ఉన్నాయి. మక్కల్లో వచ్చే జియరలెనోన్ అనే విషాన్ని క్లోనోస్టాకిస్ రోజియా అనే ఫంగస్ దాని అణువులోని ఒక వలయం తెరిచి నిర్వీర్యం చేస్తుంది. ఆక్రాటాక్సిన్ అనే ఇంకో విషాన్ని ఆస్పర్జిల్లస్ నైజర్ రకాలు కొన్ని రెండు ముక్కలు చేస్తాయి.

కాబట్టి “ఫంగస్ తింటదా” అనే ప్రశ్నకు జవాబు తింటుందనే. నాకు కావాల్సింది వేరే: ఎంత తింది, ఎలా కొలిచారు, తిన్నాక ఏం మిగిలింది.

రిపోర్టు తీసి చూశాను. ఒక పేజీ, రెండు వరుసలు. మొదటి వరుస ‘చెక్క’, రెండో వరుస ‘పులిసిన చెక్క’. రెండో అంకె మొదటిదాంట్లో సగానికి తక్కువ. తేమ అనే గడి ఆ కాగితంలో లేదు. కార్యదర్శిని పక్కన కూచోబెట్టుకుని సెల్‌ఫోన్‌లోనే లెక్క వేయించాను. కిలో ఎండు చెక్కలో తేమ 10 శాతం అనుకో, పొడి పదార్థం, అంటే నీళ్లు తీసేస్తే మిగిలేది, 900 గ్రాములు. ఉడికించి పులియబెట్టాక తేమ 60 శాతం. అదే 900 గ్రాములు ఇప్పుడు ముద్దలో 40 శాతం, అంటే ముద్ద బరువు 2.25 కిలోలు. విషం ఒక్క మైక్రోగ్రాము కూడా విరగకుండా 200 అలాగే ఉన్నా, కిలో ముద్దకు వచ్చేది 89. “అంటే సగం తగ్గింది నీళ్లకా?” అన్నాడు. ఆ రిపోర్టు తప్పని నేను అనను. ల్యాబ్ తనకిచ్చిన సరుకును కొలిచి ఉన్నది రాసింది. ఆ రెండు అంకెలతో విషం విరిగిందని మాత్రం చెప్పలేం.

పుట్టగొడుగుల విషయంలో ఇంకో తిరకాసు ఉంది. చెక్క ఒక్కదాని మీద అవి సరిగ్గా పెరగవు, వరిగడ్డి కలపాలి. కిలో చెక్కకు మూడు కిలోల గడ్డి కలిపితే కలిపిన క్షణంలోనే 200 కాస్తా 50 అవుతుంది, విత్తనం చల్లకముందే. దీనికి ఎదురు లెక్క కూడా ఉంది: ఫంగస్ పెరుగుతూ పిండి, మాంసకృత్తులు కాల్చేస్తుంది, పొడి బరువు తగ్గుతుంది, మిగిలిన దాంట్లో విషం చిక్కబడినట్టు కనిపిస్తుంది. అందుకే మొదట పెట్టిన కిలో ఎండు చెక్కకు మొత్తం ఎన్ని మైక్రోగ్రాములు మిగిలాయో చూడాలి. నేను చదివిన ప్రచారపు కాగితాల్లో ఇలా రాసింది అరుదు.

అయినా సంఘం వాళ్లకు చూడాలని ఉంది, నాకూ ఉంది. చిన్న స్థాయిలో చేశాం. చెక్కను నానబెట్టి పెద్ద ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టాం. ఆవిరి బూజును చంపుతుంది, విషాన్ని కాదు. మూడు భాగాలు చేసి ఒకటి ఏమీ కలపకుండా ఫ్రిజ్‌లో పెట్టాం, పోలిక కోసం. రెండో దాంట్లో టెంపే రైజోపస్ కలిపి చిల్లుల కవర్లలో పరిచాం. మూడో దాంట్లో గడ్డి, ముత్యపు చిప్ప విత్తనం. రైజోపస్‌కు మన వానాకాలపు వేడి బాగా కుదిరింది. రెండో రోజుకే ముక్కలన్నీ తెల్లగా అల్లుకుని కత్తితో కోయగల పలక అయింది. పుట్టగొడుగు బుట్టలకు వారాలు పట్టింది. తడి గోనె పట్టాలు కట్టి చల్లబరచకపోతే అవి ఈ ప్రాంతంలో నిలవవు.

ఫలితాలను పొడి బరువు మీద, మొదటి చెక్క లెక్కలోకి తెచ్చి చూస్తే రైజోపస్ భాగంలో తగ్గుదల ఉంది, కానీ పోలిక భాగంతో పోల్చి చూస్తే చెప్పుకునేంత కాదు. పుట్టగొడుగు భాగంలో స్పష్టంగా తగ్గింది. రెండూ 20 కిందకి రాలేదు. ఈ ముద్దల్లో ఏదీ ఏ పశువుకూ పెట్టలేదు.

20 కిందకి వచ్చి ఉంటే పెట్టేవాళ్లమా? అప్పుడూ ఒప్పుకునేవాణ్ణి కాదు. రైజోపస్ లాంటివి బీ1ను చాలావరకు అఫ్లాటాక్సికాల్ అనే రూపంలోకి మారుస్తాయి. దాని విషం బలం తక్కువ, అయితే పూర్తిగా పోదు, పైగా పరిస్థితులు కుదిరితే తిరిగి బీ1గా మారగలదు. విషం కొలిచే మామూలు ఎలైసా పరీక్ష కిట్‌లోని యాంటీబాడీ బీ1 ఆకారాన్ని పట్టుకుంటుంది. కొంచెం మారిన రూపం దాని చేతికి చిక్కకపోవచ్చు, అంకె తగ్గిందని మనం సంతోషపడతాం. ఇంకో దారి కూడా ఉంది: విషం ఫంగస్ పోగులకు అంటుకుని, పరీక్షలో దాన్ని బయటికి తీసే ద్రావకంలోకి రాకుండా ఉండిపోవడం. అదీ తగ్గినట్టే కనిపిస్తుంది, పశువు కడుపులో మళ్లీ విడిపోతే ఎవరిది బాధ్యత? అందుకే విరిగాక ఏమేం మిగిలాయో అణువుల బరువును బట్టి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమెట్రీతో చూడాలి, వాటి విషగుణం విడిగా పరీక్షించాలి. అది ఒక రైతు సంఘం పని కాదు.

పొడి విషయంలో నాకున్న అతిపెద్ద భయం మాత్రం ఇది కూడా కాదు. ప్యాకెట్ మీద ‘ఆస్పర్జిల్లస్’ అని మాత్రమే రాసి ఉంది, జాతి పేరు లేదు. సోయా సాస్‌కు, జపాన్ వాళ్లు పులియబెట్టడానికి వాడే కోజీకి పనికొచ్చే ఆస్పర్జిల్లస్ ఒరైజే మంచిదే. వందల ఏళ్లుగా మనుషులు పెంచుకుంటున్నది, అఫ్లాటాక్సిన్ చేయదు. కానీ అది ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్‌కు అతి దగ్గరి చుట్టం, ఒకటి ఇంటి కుక్క అయితే ఇంకొకటి తోడేలు. పళ్లెంలో పక్కపక్కన పెంచితే కంటితో తేడా చెప్పడం నాలాంటివాడికి సాధ్యం కాదు. ఆవిరి సరిగ్గా పట్టని చెక్కలో, ముప్పై డిగ్రీల షెడ్డులో, తడిగా ఉంచి పులియబెడితే పెరిగేది మనం చల్లిందో, ముందునుంచి ఉన్నదో ఎవరు చూస్తారు? విషం తగ్గిద్దామని పెట్టిన కుప్ప విషం తయారుచేసే కుప్ప అవుతుంది.

విషాన్ని తేలిగ్గా తీసుకోకూడదనడానికి 1960లో ఇంగ్లండ్‌లో బ్రెజిల్ పల్లి చెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిన సంగతి అందరూ చెబుతారు. ఆ విషాన్ని కనిపెట్టిందే అప్పుడు. మనకు దగ్గరిది 1974. రాజస్థాన్, గుజరాత్ ఆదివాసీ గ్రామాల్లో బూజు పట్టిన మక్కలు తిని వందమందికి పైగా కామెర్లతో చనిపోయారు. ఆ ఇళ్లలో అదే తిండి తిన్న కుక్కలూ పోయాయి. దాన్ని పరిశోధించింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లే. ఈ సంగతి చెప్పాక సంఘం సమావేశంలో చెక్క అమ్మేద్దామన్న మాట మళ్లీ రాలేదు. మంచి చెక్కలో కలిపి పలచన చేద్దామన్న మాట ఒకటి వచ్చింది, ఒప్పుకోలేదు. బెంటోనైట్ మట్టి, ఈస్ట్ కణాల గోడ కలిపిన బైండర్లు (విషాన్ని అంటిపెట్టుకునే పదార్థాలు) దాణాలో వాడతారు, అవి హద్దుకు దగ్గరగా ఉన్న దాణాకు కాపు కాయడానికి. ఇంత చెడ్డ చెక్కకు అవి ముసుగే అవుతాయి.

“చేనుకు ఎరువు లెక్క ఏస్తే?” అని పెద్దాయన ఒకాయన అడిగాడు. చెక్క ఎరువు మన దగ్గర పాత అలవాటు, నేలలోని సూక్ష్మజీవులు బీ1ను నెమ్మదిగా విరిచేస్తాయి కూడా. అయితే అదే చెక్కతో పాటు కోట్ల ఫ్లేవస్ బీజాలు చెలకలోకి పోతాయి, యాసంగికి అక్కడే మళ్లీ పల్లి. అందుకని పేడ, గడ్డి కలిపి పెద్ద కుప్ప వేసి వేడెక్కనిచ్చాం. చేయి పెట్టలేనంత వేడి దిగాక ట్రైకోడెర్మా అనే మేలు చేసే ఫంగస్ కలిపాం (వేడి మీద కలిపితే అదే చస్తుంది). ఆ ఎరువు పల్లి, మక్క, పత్తి వేసే చేలకు వద్దన్నాను. కొల్లాపూర్ వైపు మామిడి తోటల వాళ్లు ఇద్దరు తీసుకున్నారు. సంచులు విప్పినవాళ్లందరికీ మాస్కులు కట్టించాం. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

నా లెక్కలో మేలు చేసే ఫంగస్‌కు అసలు చోటు చెక్క కాదు, చెలక. ఇక్కడ అది విషాన్ని తినదు, విషం చేసేదాన్ని పెరగనివ్వదు. అమెరికాలో 2004 నుంచి పల్లికి, ఆఫ్రికా దేశాల్లో ఆఫ్లాసేఫ్ పేరుతో, విషం చేయలేని ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ రకాలనే పొలంలో చల్లుతున్నారు. అవి చోటు ఆక్రమించి విషపు రకాలను తోసేస్తాయి. ఆ సరుకు మన ఎరువుల దుకాణాల్లో నేను చూడలేదు. మనకు అందుబాటులో ఉన్నది ట్రైకోడెర్మా విరిడి. ఎకరాకు రెండు కిలోలు, 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీడలో తడిపి వారం పదిరోజులు పెంచి, తేమ ఉన్న చేనులో చల్లాలి. ప్యాకెట్ తయారీ తేదీ చూడకుండా కొంటే చచ్చిన పొడికి డబ్బు పెట్టినట్టే.

మిగతాదంతా ఫంగస్ లేని పని, ఎక్కువ ఫలితం ఇచ్చేదీ అదే. పూత తర్వాత ఊడ నేలలోకి దిగే సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సం. కాయ ఊరే దశలో బోరు తగ్గిందని చివరి తడి ఎగ్గొట్టకపోవడం, ఎందుకంటే బెట్టకు వచ్చిన వేడి నేలలోనే ఫ్లేవస్ కాయలోకి దూరుతుంది. పీకాక కాయలు పైకి ఉండేలా మొక్క తిరగేసి ఆరబెట్టడం. ఊపితే గింజ గలగలమనే దాకా, అంటే కాయలో తేమ తొమ్మిది శాతం లోపుకు వచ్చేదాకా సంచి కట్టకపోవడం. ఇవి రైతులకు తెలియనివి కావు. తెలిసీ జరుగుతున్నది ఒకటుంది: మిషన్లో కాయ కొట్టే ముందు గింజ పగలకుండా నీళ్లు చల్లడం. తూకం కూడా కలిసొస్తుంది కాబట్టి ఎవరూ ఆపరు. ఆ తడి గింజ సంచిలో రెండు రాత్రులు ఉంటే చాలు. సంఘం ఇప్పుడు నీళ్లు చల్లి కొట్టిన గింజ కొనదు, ఏరేసిన గింజ గానుగకు పెట్టదు. దీని మీద వ్యాపారులతో గొడవ నడుస్తోంది, ధరలో ఎక్కువ పెట్టాల్సి వస్తోంది. ప్రతి బ్యాచ్ చెక్కకూ ఎలైసా పరీక్ష చేయిస్తున్నారు. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తక్కువ ఖర్చు ఎలైసా పద్ధతి ఎప్పుడో తయారుచేసింది కాబట్టి ఈ పరీక్ష సంఘాలకు మోయలేనంత భారం కాదు.

పొడి చూపించిన అమ్మకందారు అబ్బాయికి ఫోన్ చేసి కొన్ని కాగితాలు అడిగాను: ఫంగస్ జాతి, రకం పేరు, అది విషం చేయదన్న పరీక్ష, పొడి బరువు మీద ముందు వెనక లెక్క, విరిగాక మిగిలిన పదార్థాల నివేదిక, దాణాలో వాడటానికి అనుమతి. జాతి పేరు వాట్సాప్‌లో పంపాడు, ఒరైజే అట. మిగతావి కంపెనీని అడిగి చెబుతానన్నాడు. అవి వస్తే సంఘం ముందు పెడతానని చెప్పాను.